వెండికొండయు స్పెయిను దేశ దారిద్ర్యమును

వెండికొండ యనగానే తెలుగు చదువరికి కైలాసము స్ఫురించును. ఆ కొండ ఇల్లుగా గల దేవుడు తోలు గట్టి, పుఱ్ఱె చేతబట్టి, ఇల్లిల్లు తిరిగి భిక్షమెత్తునని పురాణములు చెప్పుచున్నవి. వెండికొండకు యజమానుడయ్యు బిచ్చమెత్తవలసి వచ్చెనే యని కవులు శివుని ఎన్నియో విధముల మేలమాడిరి. దేవుని విషయమున అది లీల. కాని భూమిమీద నిజముగనే ఒక వెండికొండ కలదు. దానికి యజమానులైన రాజులు నిజముగనే అప్పులవారి వాకిట నిలువవలసి వచ్చినది. అది లీల కాదు, చరిత్ర. పదునాఱు, పదునేడు శతాబ్దములలో స్పెయిను దేశమునకు పట్టిన ఆ గతిని పరికించినచో, నేల కడుపున దొరకిన సంపద ఒక దేశమునకు మేలు చేయుటకు మాఱు కీడెట్లు చేయగలదో తేటపడును.

1492లో కొలంబసు అట్లాంటికు సముద్రమును దాటిన పిమ్మట స్పెయినువారికి అమెరికా ఖండములపై కన్ను పడెను. 1521 నాటికి కోర్తెస్ మెక్సికోను, 1532-33లో పిజారో పెరూ దేశమును లోబఱచుకొనిరి. పెరూ ప్రభువగు అతహువల్పను చెఱబట్టి, విడుదలకు వెలగా గదులు నిండ బంగారము, వెండి పుచ్చుకొని, పుచ్చుకొన్న తరువాత అతనిని చంపిరి. కాని అట్లు దోచిన సొమ్ము త్వరలోనే తఱిగిపోయెను. అసలు నిధి 1545లో బయటపడినది. నేటి బొలీవియా దేశమున, సముద్రమట్టమునకు సుమారు 13,000 అడుగుల ఎత్తున, చెట్టు చేమ లేని చలిప్రదేశమున పొటోసి యను తావు గలదు. అచట నిలిచిన ఎఱ్ఱని కొండ నిండ వెండి ధాతువే. స్పెయినువారు దానికి సంపన్నగిరి యని పేరిడిరి. మరుసటి యేడు, అనగా 1546లో, మెక్సికోలోని జకతేకస్ వద్ద మఱికొన్ని వెండిగనులు కనబడెను. పిదప పాదరసముతో ముడిఖనిజమునుండి వెండిని వేఱుచేయు విధానము వ్యాపించుటచే నాసి రాతినుండియు లోహమును పిండుట సాధ్యమాయెను. పైరు పండని ఆ చలినేలపై కొన్ని దశాబ్దములలో లక్షకు మించిన జనముతో పొటోసి నగరము వెలసెను. ఆనాటి ప్రపంచములోని పెద్ద నగరములలో నది యొకటి.

ఆ వెండిని త్రవ్విన వారెవరు? 1570 తరువాత పెరూను పాలించిన రాజప్రతినిధి ఫ్రాన్సిస్కో దె తొలేదో ఒక కట్టడి చేసెను. నిర్ణయింపబడిన మండలముల గ్రామములన్నియు వయసు వచ్చిన మగవారిలో ఏడింట ఒకవంతు మందిని ఏటేట వంతుల చొప్పున గనులకు పంపవలెను. దీనికి మితా యని పేరు. ఇట్లు ఏటికి 13,000 మందికి పైగా, నూఱుల మైళ్ల దూరమునుండి ఆలుబిడ్డలతో కాలినడకను పొటోసికి చేరుకొనుచుండిరి. మనుష్యులు చీకటిలో నిచ్చెనల మీదుగా ఖనిజపు మూటలు మోసిరి. పాదరసపు ఆవిరి పీల్చి జబ్బుపడిరి. తిరిగి ఊరు చేరనివారు, చేరుటకు ఇష్టపడక వేఱుచోట్లకు పాఱిపోయినవారు పెక్కండ్రు. ఊళ్లు పాడువడెను. ఈ వెట్టి రెండు శతాబ్దములకు పైగా సాగి, 1812లో గాని శాసనమూలమున రద్దు కాలేదు.

మహాభారతము ద్రోణపర్వమున సువర్ణష్ఠీవి కథ యొకటి కలదు. సృంజయుడను రాజు నారదుని వరమున ఒక కుమారుని బడసెను. ఆ బాలుని దేహమునుండి వెడలునదంతయు బంగారమే. రాజు తన యిల్లు, గోడలు, మంచములు, పాత్రలు అన్నియు బంగారు మయము చేసికొనెను. ఆ వార్త విన్న దొంగలు బాలుని అడవికి ఎత్తుకొనిపోయి, కడుపులో నిధి యున్నదని తలచి కోసిరి. లోపల ఏమియు లేదు. బంగారమును చూచిన కన్నులు బాలుని చూడలేదు. పొటోసిలో వెండిని చూచినవారు మనుష్యులను చూడలేదు. ఇది ఒక పాపము. ఆ వెండి చేరిన స్పెయినులోను ఇట్టి తప్పే వేఱొక రూపమున జరిగెను. వెండిని చూచిన రాజులు తమ సొంత రైతును, సొంత సాలెవానిని చూడలేదు. ఈ వ్యాసమునకు విషయము ఆ రెండవ తప్పు.

ముందు మొత్తము చూడవలెను. అమెరికా సరకంతయు సెవిల్ నగరమునకే చేరవలెనని చట్టము. 1503లో అచట స్థాపింపబడిన వాణిజ్య కార్యాలయము ప్రతి ఓడ సరకును లెక్క వ్రాసికొనుచుండెను. త్రవ్విన వెండిలో ఐదవవంతు రాజభాగము. ఆ దస్తరములను ఏండ్ల తరబడి పరిశీలించి హామిల్టను అను అమెరికా పండితుడు 1934లో ఒక గ్రంథమును ప్రకటించెను. దాని ప్రకారము 1503 మొదలు 1660 వఱకు లెక్కకెక్కి వచ్చిన వెండి సుమారు 16,900 టన్నులు, బంగారము సుమారు 180 టన్నులు. దొంగచాటుగా వచ్చినది దీనికి అదనము. అంతకు ముందు ఐరోపాలో ఏ రాజునకును ఇంత లోహము ఒక్క దారిని చేరి యెఱుగము.

ఇంత వెండి వచ్చిన దేశమున మొదట పెరిగినది ధర. ఇందలి మర్మము గ్రామస్థులకు చెప్పనక్కఱలేదు. ఒక యూరిలో నూఱు పుట్ల ధాన్యమే యున్నది, కాని ఇంటింట రూకలు రెట్టింపైనవి అనుకొన్నచో, ధాన్యము నూటయొకటవ పుట్టి కాదు. పుట్టి ధరయే పెరుగును. స్పెయినులో పదునాఱవ శతాబ్దపు నూఱేండ్లలో ధరలు సుమారు నాలుగు రెట్లాయెను. సలమాంకా విశ్వవిద్యాలయమున పేరొందిన మార్టిన్ దె అజ్పిల్కువేటా అను మతాచార్యుడు 1556లోనే ఈ సంగతిని కనిపెట్టి, నాణెము విస్తారముగా నున్న దేశమున వస్తువులు ప్రియమగుననియు, నాణెము కొఱతగా నున్నచోట చౌకయగుననియు వ్రాసెను. ధరల పెరుగుదలకు జనసంఖ్య వృద్ధి మొదలగు కారణములును గలవని తరువాతి పండితులు చూపిరి. అయినను వెండి పాలు కాదనరానిది.

ధర యొక్కచోట పెరిగి, పొరుగు దేశమున అంతగా పెరుగనప్పుడు చేతిపనివాడు చిక్కున పడును. కాస్టీలు ప్రాంతమున సెగోవియా పట్టణము ఉన్నివస్త్రములకును, తొలేదో పట్టునకును పేరొందినవి. సాలెవాడు తినెడి రొట్టె వెల పెరిగెను. కనుక కూలి పెరిగెను. ఉన్ని వెల పెరిగెను. కనుక బట్ట వెల పెరిగెను. ఫ్రాన్సు, నెదర్లాండ్సు దేశములనుండి వచ్చు బట్ట అంతకంటె చౌకగా నుండెను. చేతిలో వెండి యున్నవాడు చౌక సరకునే కొనును. అమెరికాలోని స్పెయినువారు సైతము సెవిల్ వర్తకుల ద్వారా పరదేశపు బట్టనే తెప్పించుకొనసాగిరి. సెగోవియా మగ్గములు 1580 ప్రాంతము వఱకు బాగుగనే ఆడినవి. ఆ పిమ్మట క్రమక్రమముగా నిలిచిపోయినవి.

ప్రభుత్వము దీనికి చేసిన చికిత్స రోగముకంటె వింతైనది. బట్ట ప్రియమైనదని ప్రజలు మొఱపెట్టగా 1548లో వల్యదొలీదులో కూడిన ప్రతినిధి సభ, పరదేశపు బట్టను రానిండు, స్వదేశపు బట్టను బయటికి పోనీకుడు అని రాజును వేడెను. పరదేశపు బట్టకు తలుపు తెఱచిరి. 1552లో స్వదేశపు బట్టల ఎగుమతిని నిషేధించిరి. నేతగాండ్రు నష్టపడగా 1555లో ఆ నిషేధమును తొలగించిరి. తమ సాలెవాని సరకును తామే ఆపి, పరుల సరకును పిలిచి కొన్న ఆ మూడేండ్ల ముచ్చట, సంపద వచ్చినవేళ ఆలోచన ఎట్లు తలక్రిందులగునో చూపుచున్నది.

ఈ తప్పును మొదటనే గుర్తించినవాడు పెద్ద మంత్రి కాడు, సేనాని కాడు. బుర్గోసు నగరమున లెక్కల ఉద్యోగము చేసిన లూయిస్ ఒర్తీస్ అనునతడు. అతడు 1558లో దేశపు ధనము బయటికి పోకుండ చేయవలసిన పనులను గూర్చి రాజునకు ఒక విజ్ఞాపన వ్రాసెను. స్పెయిను తన ఉన్నిని, పట్టును, ఇనుమును ముడిసరకుగా స్వల్పపు వెలకు అమ్మి, అవియే బట్టలై, పనిముట్లై వచ్చినప్పుడు పది రెట్లు మొదలు నూఱు రెట్ల వఱకు వెలపెట్టి కొనుచున్నదని అతడు చూపెను. ముడిసరకును ఊరకే పోనీక ఇచటనే వస్తువులుగా చేయవలెననియు, చేతిపనిని నీచముగా చూచు చట్టములను తీసివేయవలెననియు, గొప్పయింటి బిడ్డలు సైతము చదువో పనియో నేర్వవలెననియు అతని సలహా. ఒక ఖర్చుపద్దును జమపద్దుతో సరిపోల్చి చూచుట నేర్చినవానికి ఇది కనబడినది. సామ్రాజ్యమును కత్తితో గెలిచినవారికి కనబడలేదు. ఆ సలహా అమలు జరుగలేదు.

అమలు జరుగకపోవుటకు కారణము కలదు. అప్పటికే రాజు అప్పులలో మునిగి యుండెను. ఐదవ చార్లెసు, అతని కుమారుడు రెండవ ఫిలిప్పు ఐరోపాలో పలుచోట్ల ఎడతెగని యుద్ధములు సాగించిరి. అమెరికానుండి రాజునకు చేరు భాగము మొత్తము రాజాదాయములో ఫిలిప్పు కడపటి యేండ్లలో సైతము సుమారు నాలుగవ వంతే. మిగిలినది కాస్టీలు రైతు, వర్తకుడు కట్టిన పన్నులు. కాని ఆ నాలుగవవంతు వెండి. రాబోవు ఓడను చూపి అప్పు పుట్టించుట సులువు. జర్మనీలోని ఫుగ్గరు వంశీయులు, జెనోవా నగరపు షాహుకార్లు ఆ ఓడల నమ్మకముపై లక్షలు పోసిరి. ఓడ రాకమునుపే వెండి ఖర్చయిపోయెడిది. చేతికందని పంటను చూచి చేసిన అప్పు ఎట్టిదో రైతు ఎఱుగును. 1557లో ఫిలిప్పు చెల్లింపులు నిలిపివేసెను. 1560లో, 1575లో, 1596లో మరల అదే పని చేసెను. అతని తరువాతి రాజులు 1607, 1627, 1647, 1652 సంవత్సరములలో అట్లే చేసిరి. లోకములోని వెండిలో పెద్దపాలు ఎవని రేవునకు చేరుచుండెనో, వాడే మాటిమాటికి దివాలా ఎత్తినాడు.

ఆ దివాలా ఫలము దేశమంతయు అనుభవించినది. కొన్నివేళల సెవిల్‌కు వచ్చిన వర్తకుల సొంత వెండిని రాజు పట్టుకొని, దానికి మాఱు వడ్డీపత్రములు చేతబెట్టుచుండెను. శ్రమపడి వర్తకము చేసినవానికి శిక్ష. పత్రములు దాచుకొని వడ్డీ తినువానికి సుఖము. ధనము గలవాడు మగ్గములు, ఓడలు విడిచి వడ్డీపత్రములు కొనెను. పన్ను మినహాయింపు గల కులీనుడని అనిపించుకొనుటకు తాపత్రయపడెను. పన్ను బరువు రైతుపై పడగా ఊళ్లు ఖాళీయై నేలలు బీడువడెను. 1609 మొదలు 1614 వఱకు సుమారు మూడు లక్షల మొరిస్కోలను, అనగా క్రైస్తవము నిప్పింపబడిన ముసల్మానుల సంతతివారిని, దేశమునుండి వెడలగొట్టిరి. వారిలో వ్యవసాయమునందును చేతిపనులందును ఆఱితేఱినవారెందఱో. 1600లో గొంజాలెజ్ దె సెల్లోరిగో అను న్యాయవాది తన దేశపు దుస్థితిని విచారించి, ధనము తమయొద్ద నున్నదను భ్రమయే దేశమును పేదఱికమున ముంచినదని తేల్చెను.

ఇంతకంటె నవ్వు పుట్టించునది, ఏడ్పించునది మఱియొకటి కలదు. 1599లో వెండి చేరని కేవలము రాగి నాణెములను కొట్టుటకు ప్రభుత్వము అనుమతించెను. 1620 తరువాత కాస్టీలు బజారులలో నిత్యవ్యవహారమంతయు రాగితోనే నడచెను. 1628లో ఆ రాగి నాణెపు విలువను ఒక్క ఆజ్ఞతో సగమునకు తగ్గింపగా, ఇంట దాచిన పేదవాని సొమ్ము రాత్రికి రాత్రి సగమాయెను. వెండికొండ గలవారి చేతులలో రాగి బిళ్లలు మిగిలెను!

మఱి వెండి యేమాయెను? వెండి నిలువ యుండు స్వభావము కలది కాదు. త్రవ్వినవానియొద్ద నిలువదు, ఓడలో తెచ్చినవానియొద్ద నిలువదు. వస్తువు చేసి యిచ్చినవాని వెదకికొనుచు పోవును. వెండిని అనుమతి లేక దేశము దాటింపరాదని స్పెయినులో శాసనములున్నను అది సెవిల్ రేవున దిగి, జెనోవాకు, ఆంట్వెర్పునకు, స్పెయినుతో ఎనుబదేండ్లు పోరాడిన డచ్చివారి ఆంస్టర్డామునకు సైతము చేరెను. ఒకపాయ మెక్సికోనుండి మనీలా ఓడలపై నేరుగా తూర్పునకు పోయి చైనా పట్టునకు వెలయాయెను. మఱియొక పాయ తెలుగుతీరమును చేరినది. 1605-06లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు మచిలీపట్టణమున వర్తకశాలలు పెట్టిరి. కృష్ణా గోదావరీ మండలముల సాలెవారు నేసిన బట్టలు, అద్దకపువారు రంగులద్దిన వస్త్రములు వారికి కావలెను. మార్పుగా ఇచ్చుటకు వారి దేశములలో ఇచటివారు కోరు సరకు తక్కువ. కనుక స్పెయిను ముద్ర గల ఎనిమిది రియాళ్ల వెండి నాణెములను పెట్టెలతో తెచ్చిరి. అవి టంకశాలలలో కరగి ఈ దేశపు నాణెములాయెను. వెండిగని లేని తెలుగు సాలెవాని వాకిటికి పొటోసి వెండి నడచి వచ్చినది. వెండికొండ గల దేశపు సాలెవాని మగ్గము మూలబడినది.

స్పెయిను క్షీణతకు వెండి యొక్కటే కారణమనుట న్యాయము కాదు. యుద్ధములు కలవు, 1596 మొదలు 1602 వఱకు ప్రబలిన మహామారి కలదు, మతద్వేషము కలదు, వానలు తప్పిన యేండ్లు కలవు. కాని వెండి లేనిచో అన్ని యుద్ధములకు అప్పు పుట్టెడిది కాదు. అప్పు పుట్టనిచో రాజు తన ఆదాయమునకు లోబడి నడువవలసి యుండును. పన్ను కట్టు రైతును, సాలెవానిని కాపాడుకొనవలసి యుండును. వెండి చేసిన కీడు ఇదియే: చేసిన తప్పునకు ఫలము వెంటనే తెలియకుండ కప్పిపుచ్చినది.

ఇది నాలుగువందల యేండ్లనాటి ముచ్చట యని త్రోసివేయరాదు. స్పెయినును ఎదిర్చి స్వతంత్రులైన ఆ డచ్చివారి దేశముననే 1959లో గ్రోనింగెను ప్రాంతమున, భూమిలోపల, విస్తారమైన సహజవాయువు దొరకినది. దానిని పరదేశములకు అమ్మగా ధనము ప్రవాహముగా వచ్చెను. ఆ దేశపు నాణెమగు గిల్డరు విలువ పెరిగెను. నాణెము విలువ పెరుగగా ఆ దేశపు ఇతర వస్తువులు పరదేశీయులకు ప్రియమాయెను. కర్మాగారములకు బేరములు తగ్గి, పనివారికి పని తప్పెను. 1977లో లండనులోని ఎకనామిస్టు పత్రిక దీనికి 'డచ్చి జాడ్యము' అని పేరు పెట్టగా, అర్థశాస్త్రమున ఆ పేరు నిలిచిపోయెను. సెగోవియా సాలెవానికి పట్టిన జాడ్యమునకు ఇది చెల్లెలు. దారి వేఱు, ఫలమొకటే. ఒక్క సరకు అమ్మకమున వచ్చిన ధనము తక్కిన పనులన్నింటి గొంతు నొక్కును.

అట్లని భూసంపద శాపమే యని కూర్చుండనక్కఱలేదు. నార్వే దేశమునకు 1969లో సముద్రగర్భమున గొప్ప చమురునిధి దొరకినది. వారు 1990లో చట్టము చేసి, 1996 మొదలు చమురు రాబడిని ఒక ప్రత్యేక నిధికి చేర్చి పరదేశములలో మదుపుచేయసాగిరి. 2001లో ఒక నియమము పెట్టుకొనిరి: ఆ నిధినుండి ఏటేట వాడునది సుమారుగా దానిపై వచ్చు ఫలమునకు మించరాదు, అసలును ముట్టరాదు. చమురు ఒకనాటికి తరుగును గాని నిధి తరుగదు. ధనమును దేశములోనికి ఒక్కమాఱుగా వదలకపోవుటచే ధరలకును, పరిశ్రమలకును దెబ్బ తగ్గును. ఇందు గొప్ప రహస్యమేమియు లేదు. తాత నాటిన తోటలో కాయలమ్ముకొని బ్రదుకుట వేఱు, చెట్లు నఱికి కట్టెలమ్ముకొని బ్రదుకుట వేఱు. గనిలోనిది చెట్టు, కాయ కాదు. దానిని అమ్మగా వచ్చినదానిని ఆదాయమని జమకట్టిన దినమునుండియే లెక్క తప్పును.

పొటోసి కొండ నేటికిని నిలిచియున్నది. అయిదువందల యేండ్లకు చేరువగా త్రవ్వగా త్రవ్వగా లోపల అంతయు గుల్లయై, శిఖరము క్రుంగుచున్నది. ఐక్యరాజ్యసమితి విద్యాసంస్కృతి సంస్థ 1987లో ఆ నగరమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించి, 2014లో దానిని అపాయమునందున్న స్థలముల పట్టికలో చేర్చినది. లోకమునకు వెండి పంచిన ఆ కొండ చుట్టునున్న ప్రజలు నేటికిని పేదలే. ఆ కొండ కడుపున మిగిలిన తగరము, నాసి వెండి కొఱకు గనివారు నేటికిని ఆ చీకటిలోనికి దిగుచున్నారు.

గ్రంథాలయ రజతోత్సవ సమయమున వెండిని గూర్చి ఇట్లు చెప్పుట అపశకునమని చదువరులు తలపరాదు. ఇచటి రజతమునకు అర్థము లోహము కాదు, ఇరువదియైదేండ్లు గ్రామము తన బిడ్డల చేతికి పుస్తకము అందించిన పని. లూయిస్ ఒర్తీస్ తన రాజును అడిగినదియు అదియే: ప్రతి బిడ్డకు ఒక చదువు, లేదా చేతికొక పని. దేశమునకు కొండ దొరకవచ్చును, దొరకకపోవచ్చును. దొరకినచో పనిని విడువరాదు, దొరకనిచో చింతపడరాదు. వెండి తనంతట తాను పనివాని ఇల్లు వెదకికొనుచు వచ్చును. మచిలీపట్టణపు రేవున ఒకనాడు దిగిన పెట్టెలే దీనికి సాక్ష్యము.